దఫ్తరంల తాతలు

సర్కారు మన తాతల పేర్లు రాసిపెట్టింది మన కోసం కాదు బిడ్డా, శిస్తు కోసం. ఈ ఒక్క మాట ముందుగాల చెవుల ఏసుకుంటె, ఎనుక చెప్పేదంత సమజైతది. బడిల వంశం చెట్టు గీసుక రమ్మన్నరని కాయిదం పట్టుకొని కూసున్నవు. మా తాత పేరు, ఆయన నాయిన పేరు నోటితోనే చెప్త. ఆపైన చెప్పాలంటె ఇప్పుడు మన ఇంట్ల మనిషి లేడు. కాయిదమే చెప్పాలె. అది అడగంగనే చెప్పదు. ఏ పని మీద పుట్టిందో తెలిసినోనికే చెప్తది. ఆ కట్టె జెర లోపలికి నూకి, దుప్పట్లు కప్పుకొని కూసోండ్రి.

నేను తహసీలు ముందట చెట్టు కింద కూసోని అర్జీలు రాసి ఇల్లు నడిపినోన్ని. మా నాయిన ఊరికి నీరడి. చెరువు తూము తీసుడు, మూసుడు, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాల్నో చూసుడు ఆయన పని. జమాబంది రోజులల్ల పట్వారి బస్తా గూడ నెత్తిన పెట్టుకొని తాలూకా దాక నడిచేటోడు. బస్తా అంటె ఊరి లెక్కలన్ని గుడ్డల చుట్టి కట్టిన మూట. ఆ మూటల ఏమున్నదో తనకు తెల్వదు, కొడుక్కన్న తెల్వాలెనని నన్ను సర్కారు బడికి తోలిండు. అది నిజాం జమానా, సదువంత ఉర్దూల. 1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయ్యేనాటికి నాకు ఉర్దూ చేతిరాత చదువుడు మంచిగనే పట్టుబడ్డది. తర్వాత తెలుగొచ్చింది, ఇంగ్లీషొచ్చింది. పాత కాయిదాలు మాత్రం ఉర్దూలనే ఉండిపోయినయి. అవి చదివెటోళ్లు ఒకరెనుక ఒకరు కాలం జేసిన్రు. అందుకే భూమి పంచాదులున్నోళ్లు నన్ను దేవులాడుకుంట వచ్చేటోళ్లు. భూమి కోసం వచ్చినోళ్లకు తాతలు దొరికేటోళ్లు. నాయిన పేరు తప్ప మరేమీ ఎరగనోడు, తన తాతకు తాత పేరు నేను చదివి చెప్పంగనే, ఆ కాయిదాన్ని కండ్లకు అద్దుకునుడు నేను శానసార్లు చూసిన.

ఎవరన్న వచ్చి మా పెద్దల పేర్లు దొరుకుతయా అంటె నేను మొదలు అడిగేది ఒక్కటే. మీ ఊరు ఎవరి చేతికింద ఉండె? ఇప్పటి పిల్లలకు ఈ సంగతి ఎర్కలేదు. హైదరాబాద్ రాజ్యమంత ఒక్కతీరు లేకుండె. కొన్ని ఊర్లు దివానీవి. వాటినే ఖాల్సా అనేటోళ్లు, శిస్తు సీదా సర్కారు ఖజానాకు పోయేది. కొన్ని సర్ఫెఖాస్, అంటె నిజాం సొంత ఊర్లు. కొన్ని పాయెగా నవాబులవి, కొన్ని జాగీర్దార్లవి. గద్వాల, వనపర్తి అసోంటివి సంస్థానాలు. ఎవరి ఊరి లెక్క వాళ్ల దఫ్తరంల ఉండేది. 1949 ఫిబ్రవరిల సర్ఫెఖాస్‌ను సర్కారుల కలిపిన్రు. అదే ఏడు ఆగస్టు 15న జాగీర్ల రద్దు వచ్చింది. అందుకే జాగీరు ఊరోడు తాలూకా ఆఫీసుల 1920ల నాటి లెక్క కోసం పొద్దుందాక దేవులాడినా దొరుకుడు కష్టం. ఆయన తాత ఆ కాలంల సర్కారుకు రైతే కాదు, జాగీర్దారుకు రైతు.

ఇంకా ఎనుకకు పోతె సర్కారు ఊర్లల్ల గూడ రైతు పేరు దొరకదు. మొదటి సాలార్‌జంగ్ 1853ల దివాన్ అయ్యేనాటికి రాజ్యం అప్పులల్ల మునిగి ఉండె. శిస్తు వసూలు గుత్తకిచ్చేటోళ్లు. గుత్తేదారు ఇంత అని కడితె సాలు, దున్నెటోడు ఎవడైతె సర్కారుకేంది? సాలార్‌జంగ్ ఆ గుత్తలు తీసేసి జీతాల మీద తాలూక్‌దార్లను పెట్టిండు. 1865ల జిల్లాబందీ జేసిండు. ఆపైన పదేండ్లకు భూమి సర్వే మొదలైంది. గొలుసేసి కొలిచి, మడిమడికి నంబరిచ్చి, నంబరు ముందట పట్టాదారు పేరు రాసిన్రు. ఆ రిజిస్టరు పేరు సేత్వార్. భూమి సర్వే ఊరి దాక వచ్చినంకనే మామూలు కాపోని పేరు సర్కారు కాయిదంల పడ్డది.

మా ముత్తాత తండ్రి పేరు గూడ నాకు సేత్వార్లనే దొరికింది. చెరువు కింది తరి భూమి, ఎకరం గూడ నిండని తునక, దాని ముందట నీరడి ఇనాం అని రాసి, మనిషి పేరు, ఆయన తండ్రి పేరు ఉన్నయి. తూము కాసినందుకు ఇచ్చిన తునక అది. నీరడి ఇనాం, మస్కూరి ఇనాం, శేత్‌సింధి ఇనాం, ఇట్ల ఊరి కొలువు జేసినోళ్లకు ఉండేటివి. పెద్ద పట్టాలు లేని కులాలోళ్ల పేర్లు కాయిదాలల్ల ఎక్కువ దొరికేది ఈ కొలువు ఇనాముల కాడనే. చెరువు లేకుంటె మన తాతలకు కాయిదంల జాగ లేకుండె. నా అసోంటోళ్లు ఎవరొచ్చినా ముందుగాల ఇనాం ఖానా చూడుండ్రని అందుకే చెప్తుంటి.

ఉర్దూల తెలుగు పేర్లు చదువుడు వేరే విద్య. గిర్దావర్లు, పట్వార్లు ఉరుకులాట మీద రాసేటోళ్లు. ఆ గొలుసురాతను శికస్తా అంటరు. చుక్కలు పెట్టరు, గీతలు పెట్టరు. కాఫ్‌కు గాఫ్‌కు నడుమ తేడా ఒక్క గీత. ఆ గీత ఎగిరిపోతె కొండయ్య, గుండయ్య ఒక్కతీరె కనబడుతరు. ఇంటిపేరు శానసార్లు రాయనే రాయరు. ఫలానా వల్ద్ ఫలానా, అంటె ఫలానాయన కొడుకు ఫలానాయన, గంతే. ఊర్ల నలుగురు మల్లయ్యలుంటె తండ్రి పేరే వాళ్లను విడదీస్తది. అందుకే నేను పేరు మీద భరోసా పెట్టకుండ సర్వే నంబరు పట్టుకుంట. భూమి పంపకాలై బై నంబర్లు పడ్డా మూల నంబరు నిలుస్తది. ఆ నంబరు పట్టుకొని 1954-55 ఖాస్రా పహాణి కాడ మొదలుపెట్టి ఎనుకకు వసూల్ బాకీ, ఫైసల్ పట్టి, సేత్వార్ దాక బాయి మెట్లు దిగినట్టు ఒక్కొక్కటి దిగాలె. నడుమ దుంకితె మనది కాని మనిషి మన తాతైతడు.

ఇంకో మాట. ఆ కాయిదాల మీద ఏండ్లు ఫస్లీల ఉంటయి. ఫస్లీకి 590 కలుపుకుంటె ఇంగ్లీషు ఏడు వస్తది. మన దిక్కు ఫస్లీ సాలు అక్టోబర్ల ఆజూర్ నెల తోని మొదలయ్యేది కాబట్టి, జనవరి నుంచి ఆ సాలు ఆఖరి దాక పడ్డ తారీఖులకు ఇంకొకటి కలుపాలె.

పహాణిల ఒక్క మనిషే కనబడుతడు. ఇల్లంత కనబడాల్నంటె విరాసత్ ఫైలు చూడాలె. పట్టాదారు కాలం జేసినప్పుడు భూమి ఎవరి పేరు మీదికి పోవాల్నో తేల్చేటందుకు పుట్టిన కాయిదం అది. చచ్చిపోయినాయన పేరు, ఎప్పుడు పోయిండు, కొడుకులెందరు, పెద్దోడెవరు, పెండ్లాం బతికున్నదా, కొడుకు పోతె మనుమడున్నడా, అన్ని అడిగి రాసేటోళ్లు. పటేల్, పట్వారి ముందట నలుగురు గవాయిలు చెప్పిన మాటలు గూడ ఉంటయి. అన్నదమ్ములు కొట్లాడుకున్న ఇల్లయితె మరింత మంచిది, మూడు తరాల ముచ్చటంత దాంట్లకొస్తది. పంచాది లేని ఇంటోళ్లు సుఖంగ బతికిపోయిన్రు గని మనకు కాయిదం మిగల్చలె.

పెద్ద ఇనాములు, గుళ్ల భూములు, దర్గాల భూములు ఉన్నోళ్లకైతె ముంతఖబ్ అని ఉంటది. అతియాత్ దఫ్తరం విచారణ జేసి ఇచ్చిన కాయిదం. దాంట్ల శజ్రా గీస్తరు. మొదలు ఇనాం పొందినాయన పేరు పైన, కింద కొడుకులు, వాళ్ల కొడుకులు, పోయినోళ్ల పక్కన పోయిండని గుర్తు. పూజారుల ఇండ్లల్ల, ముజావర్ల ఇండ్లల్ల తాతముత్తాతల లెక్క అంత పక్కాగ ఉండేది ఎందుకనుకున్నరు? ఆ శజ్రాల పేరు లేకుంటె హక్కు పోతది. 1952 హైదరాబాద్ అతియాత్ చట్టం వచ్చినంక గూడ ఈ వారసత్వాల విచారణలు నడిచినయి. పాత రాజ్యాల ఫర్మానాలు, సనదులు, మొగలాయి కాలం నుంచి వచ్చిన ఫార్సీ కాయిదాలు హైదరాబాద్‌ల తార్నాక కాడ రాష్ట్ర ఆర్కైవ్స్‌ల ఉన్నయి. ఎంత కాపాడితె అన్ని పేర్లు దక్కుతయి.

మరి ఏ భూమి లేనోని సంగతేంది? కౌలుకు దున్నెటోడు, జీతముండెటోడు, వెట్టి జేసెటోడు? నా మనసు ఎప్పుడు వాళ్ల కాడనే ఉంటది. 1950 కౌల్దారీ చట్టం వచ్చినప్పుడు రక్షిత కౌలుదార్ల పట్టీ తయారు జేసిన్రు. దున్నుతున్నోన్ని తరమగొట్టొద్దని పుట్టిన కాయిదం. తరతరాలు ఒకరి భూమి దున్నినా పేరు పడనోడు అండ్ల మొదటిసారి తన పేరుతోని, తండ్రి పేరుతోని నిలబడ్డడు. ఖాస్రా పహాణిల గూడ పట్టా ఎవరిది, కాస్తు ఎవరిది అని వేరేవేరే రాసిన్రు. ఎకరం భూమి లేని ఇంటోళ్లు నా దగ్గరికొస్తె నేను ముందు ఈ రెండే చూసేటోన్ని. దొరికిన నాడు వాళ్లకన్న నాకు ఎక్కువ సంబురమయ్యేది.

దొరకని నాళ్లు మస్తుగున్నయి. 1946ల కడివెండి కాడ దొడ్డి కొమురయ్యను చంపినంక మన నల్లగొండ, వరంగల్ దిక్కు ఊర్లు లేచినయి. గడీల మీద పడి అప్పుపత్రాలు, నాగుల లెక్కలు, వెట్టి లెక్కలు బయటేసి కాలబెట్టిన్రు. నాగంటె ఎర్కనేనా? గింజలు అప్పిచ్చి ఒకటికి ఒకటిన్నర గుంజుడు. ఆ పత్రాల మీద నిశానీలేసినోళ్లు మన తాతలే. ఎవరు ఎవరి కొడుకో, ఏ గూడెంల ఉండేటోడో, అన్ని ఆ కాయిదాలల్లనే ఉండె. అవి కాలినయి. వంశం వెతికెటోనికి అది నష్టమే. అయినా ఆ మంట నాకు ఎన్నడు తప్పనిపియ్యలె. ఒక్క నిశానీ మీద తాత అప్పు మనుమని దాక పాకేది. ఆ తాడు తెగాల్నంటె కాయిదం కాలాలె. పేరు పోతె పోయింది, పిల్లలు బతికిన్రు.

మీ అమ్మమ్మ పుట్టినిల్లు కృష్ణ ఆవల గుంటూరు దిక్కు కదా. అక్కడిది వేరే రాజ్యం, వేరే కాయిదాలు. ఇంగ్లీషోళ్లు 1858ల ఇనాం కమిషన్ ఏసి, ఏ మాన్యం ఎవరిచ్చిన్రు, ఎవరికిచ్చిన్రు, ఇప్పుడు అనుభవిస్తున్నోని వయసెంత, మొదటాయనకు ఏమైతడు అని గుచ్చిగుచ్చి అడిగి రిజిస్టర్లు రాయించిన్రు. పేరుతో పాటు వయసు, వరస రెండూ దొరికే కాయిదం మన దిక్కు అరుదు. రీసెటిల్మెంట్ రిజిస్టరు ఇంగ్లీషు, తెలుగు రెండు భాషలల్ల ఉంటది, డైగ్లాట్ అంటరు. అంతకన్న మునుపు మెకంజీ దొర కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య అసోంటోళ్లను పెట్టుకొని ఊరూరి కైఫీయతులు రాయించిండు. వాటిల్ల ఊరి కరణాల వంశాలు, అగ్రహారాలు పొందినోళ్ల వంశాలు దొరుకుతయి. మామూలు ఇంటోళ్లు తక్కువ.

ఇగ భివండి నుంచి నా దగ్గరికొచ్చిన పోరి ముచ్చట చెప్త. పోరంటున్న గని ఉద్యోగం జేసే ఆడపిల్ల. తెలుగు మాట్లాడుతది, నడుమ నడుమ మరాఠీ దొర్లుతది. పద్మశాలి ఇల్లు. మన తెలంగాణ సాలోళ్లు బొంబాయి, షోలాపూర్, భివండి పోయిన సంగతి మీకు తెల్సు. షోలాపూర్‌ల 1877లనే పెద్ద మిల్లు పడ్డది. ఇక్కడ మగ్గం మీద బువ్వ దొరకనోడు అక్కడ సాంచె మీద దొరుకుతదని పోయిండు. బొంబాయిల కామాఠిపుర అన్న పేరే మన దిక్కు నుంచి పోయి ఇండ్లు కట్టిన కామాఠీలది. అట్ల పోయిన ఇంటి పిల్ల. అన్న పెండ్లి కుదిరిందట. వాళ్ల నానమ్మ పట్టుబట్టింది, పెండ్లికి ముందుగాల మన ఊరి పోచమ్మకు బోనమెత్తాలె అని. ఊరేదో మాత్రం ఆమెకు సరిగ తెల్వదు. చిన్ననాడే పెండ్లై బొంబాయి పోయింది. మొగని ఊరు లింగాపురమని మాత్రం తెల్సు. పాత నల్లగొండ జిల్లాల లింగాపురం, లింగాపూర్, లింగోటం, ఇట్ల ఎన్ని లేవు!

ఆ పిల్ల చేతిల ఒక్క కాయిదముండె. తాత బొంబాయిల మున్సిపాలిటీ తెలుగు బడిల చదివినట్టు సర్టిఫికెటు. ఆ దిక్కు బడి కాయిదంల పుట్టిన ఊరు రాసే ఖానా ఉంటది. దాంట్ల లింగాపూర్ పక్కన తాలూకా పేరు గూడ ఉన్నది. ఆ ఒక్క మాటతోని దారి సగమైంది. బడి కాయిదాన్ని మనోళ్లు శాన చులకన జేస్తరు. పుట్టిన తారీఖు మాస్టరు అందాజగ రాసిందైతది, అది నమ్మొద్దు. తండ్రి పేరు, ఊరు, కులం మాత్రం తండ్రి నోటినుంచి వచ్చిందే రాస్తడు.

ఊరు తేలింది. ఇగ ఇల్లు తేలాలె. పహాణిల చూస్తె ఏమీ లేదు. మగ్గపోళ్లకు భూమేడిది? ఆ పిల్ల మొకం చిన్నబోయింది. అప్పుడు నేను చెప్పిన, బిడ్డా, మీ తాతలు దున్నినోళ్లు కాదు, నేసినోళ్లు. భూమి లెక్కల దేవులాడొద్దు, నూలు లెక్కల దేవులాడాలె. రెండో ప్రపంచ యుద్ధం రోజులల్ల, ఆపైన గూడ నూలు కంట్రోలు ఉండె. బజార్ల దొరికేది కాదు, సంఘం ద్వారా కోటా వచ్చేది. ఎవరికి ఎన్ని మగ్గాలున్నయో రాయకుంటె ఎంత నూలియ్యాల్నో ఎట్ల తెలుస్తది? చేనేత సహకార సంఘాల మెంబర్ల రిజిస్టర్ల పేరు, తండ్రి పేరు, మగ్గాల లెక్క, నిశానీ ఉంటయి. ఆ ఊరి సంఘం ఎప్పుడో మూతబడ్డది. బీరువా మాత్రం పాత సెక్రటరీ ఇంటి అర్రల ఉన్నది. ఆ ఇంటోళ్లు మంచోళ్లు, తాళం తీసిచ్చిన్రు. పిల్ల తాత తండ్రి పేరు దొరికింది. రెండు మగ్గాలు. కొన్ని సాళ్ల ఎనుక ఆ పేరు మీద గీత కొట్టి, ఊరిడిసి పోయిండని రాసిపెట్టిన్రు. ఆ పిల్ల ఆ గీత మీద ఏలు పెట్టి ఎంతసేపో తీయలె. అటు బొంబాయిల మొదలైన వాళ్ల కథకు ఇటు కొస అక్కడ దొరికింది.

అంతకు పైన కాయిదం లేదు. మనుషులున్నరు. పద్మశాలీలకు కూనపులోళ్లు ఉంటరు, పటం దించి మార్కండేయ పురాణం చెప్పెటోళ్లు. చేర్యాల నకాషీలు గీసిన పొడుగు పటం, ఒక్కొక్క బొమ్మ విప్పుకుంట రాత్రంత కథ చెప్తరు. ఏ ఊర్లు ఏ కూనపులి ఇంటికి మిరాశో పంపకాలుంటయి, ఒకరి ఊర్లెకు ఒకరు పోరు. ఇల్లిల్లు త్యాగం అడిగి తీసుకుంటరు. త్యాగం అడగాల్నంటె ఆ ఇంట్ల ఎవరున్నరు, ఎవరు వేరుపడ్డరు, ఎవరు ఊరిడిసిన్రు, అన్ని తెలిసి ఉండాలె. ఆ ఊరి మిరాశి కూనపులి ఇంటి ముసలాయన్ను పట్టుకున్నం. గోత్రం చెప్పంగనే ఇంటిపేరు ఆయనే చెప్పిండు. ముగ్గురన్నదమ్ములు, నడిపోడు షోలాపూర్ పోయిండు, చిన్నోడు బొంబాయి, పెద్దోడు బిడ్డలు లేక ఇక్కడనే పోయిండు అన్నడు. వాళ్ల నాయిన, ఆయన నాయిన, ఆ పై నాయిన పేర్లు గుక్క తిప్పుకోకుండ చదివిండు. భివండి పిల్లకు షోలాపూర్‌ల దాయాదులున్నట్టు ఆనాడే తెల్సింది.

పద్మశాలీలకే కాదు, మన దిక్కు కులకులానికి ఒక అడిగే కులం ఉన్నది. మాదిగోళ్లకు డక్కలోళ్లు, ముదిరాజులకు కాకిపడగలోళ్లు, గొల్లోళ్లకు మందెచ్చులోళ్లు, రెడ్లకు పిచ్చకుంట్లోళ్లు, సాకలోళ్లకు పటమోళ్లు, గోండులకు ప్రధాన్‌లు. సర్కారుకు అక్కరలేని మనుషుల పేర్లు నోట్లె దాచిపెట్టింది ఈళ్లే. వీళ్లను బిచ్చగాళ్ల లెక్క చూసినోళ్లను చూస్తె నాకు కడుపు మండుతది. ఒక డక్కలి ముసలాయన కాలం జేసిండంటె, కొన్ని ఊర్ల మాదిగిండ్ల దఫ్తరం ఆయనతోనే పోయినట్టు. వాళ్ల పిల్లలు పట్నంల కూలికి పోతున్నరు. నేర్చుకునెటోళ్లు లేరు. ఎవరన్న వచ్చినప్పుడు ఫోన్ల రికార్డు పెట్టి అడుగుండ్రి, త్యాగం నిండుగ ఇయ్యుండ్రి.

ఇప్పటిదాక నేను చెప్పిన పేర్లన్ని మగోళ్లవే, చూసిన్రా? ఆడోళ్లు ఏడున్నరు? భూమి కాయిదంల జౌజె ఫలానా, అంటె ఫలానాయన పెండ్లాం. లేకుంటె బేవా, మొగడు పోయినామె. ఆడమనిషి పేరు భూమి లెక్కల ఎక్కాల్నంటె శానమట్టుకు ఇంట్ల మొగోడు చావాలె. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల జెర మేలు. దస్తావేజు రాసిచ్చినోళ్లు, రాయించుకున్నోళ్ల పేర్ల సూచీ ఉంటది, ఒకటో ఇండెక్స్ అంటరు. పసుపు కుంకుమ కింద బిడ్డకు రాసిచ్చిన తునకలు అండ్ల దొరుకుతయి. మొదటి ఓట్లప్పుడు, 1951-52ల, తయారైన ఓటర్ల పట్టీల ఊరి ఆడోళ్లు వరుసగ, వయసు తోని కనబడుతరు. మా అవ్వ వయసు ఎంతో నాకు అందాజ దొరికింది అండ్లనే.

నా మేనల్లుడు దక్షిణాఫ్రికాల డర్బన్‌ల కొలువు జేసొచ్చిండు కదా, ఆయన ఒక ముచ్చట చెప్పిండు. 1860ల ట్రూరో అన్న ఓడ మద్రాసు నుంచి చెరుకు తోటల కూలికి మనుషులను తీసుకపోయిందట. అట్ల 1911 దాక లక్షన్నర మంది పోయిన్రు. విశాఖ, గంజాం, నెల్లూరు, ఉత్తరార్కాటు దిక్కు తెలుగోళ్లు గూడ పోయిన్రు. ఒక్కొక్కరికి నంబరిచ్చి, తండ్రి పేరు, జిల్లా, తాలూకా, ఊరు, వయసు, ఎత్తు, ఒంటిమీది మచ్చలు గూడ రాసిన్రు. ఆడమనిషికి గూడ వేరే నంబరు, వేరే వరుస. కూలి పారిపోతె పట్టుకునేటందుకు రాసిన కాయిదం అది, ఎంత ఘోరం! ఆ కాయిదం పట్టుకునే ఇప్పుడు వాళ్ల మునిమనుమలు విశాఖ దిక్కు ఊర్లకు వచ్చి, మా అవ్వ ఈ ఊరిదే అని అడుగుతున్నరట. సొంత ఊర్లె ఉన్న ఆమె అక్కచెల్లెండ్ల పేర్లు మాత్రం ఎక్కడ లేవు.

ఇప్పుడేమో అందరు ఫోన్ల చూస్తె దొరకదా అంటరు. మొన్నటి ధరణిల, ఇప్పటి భూభారతిల దొరికేది ఇయ్యాల పట్టా ఎవరిదో. తాతలు దొరకాల్నంటె పాత పహాణిల నకలు కోసం దరఖాస్తు పెట్టి, రికార్డు రూములకు పోయి తీసుకరావాలె. 1984, 85ల పటేల్ పట్వార్లను తీసేసినప్పుడు శాన మూటలు చేతులు మారినయి. కొన్ని తహసీలుకు చేరినయి, కొన్ని చెదలపాలైనయి, కొన్ని ఇండ్లల్లనే ఉండిపోయినయి. ఇండ్లల్ల ఉన్నోళ్లు దాచుకొని తప్పు జేసిన్రని నేననను. దాచుకోకుంటె అవి గూడ పోతుండె. ఇగ బయటికి తియ్యాలె.

మన పక్కూరి పోలీస్ పటేల్ మునిమనుమడు ఒకాయన అట్లనే తీసిండు. ఎన్కట పుట్టుడు చచ్చుడు లెక్క రాసేది పోలీస్ పటేలే. గత్తర, ప్లేగు ఏ ఊర్లె లేచిందో పైవాళ్లకు తెల్వాల్నని పుట్టిన రిజిస్టరు. భూమి సంగతి దానికి అక్కరలేదు, ఆడ మగ, పిల్ల పెద్ద అందరు ఉంటరు. మా తాతవాళ్లు కొన్నేండ్లు ఆ ఊర్లె తూము కాసిన్రు. ఆయన ఫోటోలు తీసి పంపిన పేజీలు నేను చదువుకుంట కూసున్న. 1328 ఫస్లీ, ఆజూర్ నెల. అంటె 1918 అక్టోబర్, నవంబర్. వరుసగ బుఖార్, బుఖార్, బుఖార్. దేశమంత ఇన్‌ఫ్లుయెంజా లేచిన సాలు అది. ఒకే ఇంట్ల ముగ్గురు, పక్కింట్ల ఇద్దరు. ఆ వరుసల మా తాత పేరు కనబడ్డది, దాని ముందట దుఖ్తర్, అంటె బిడ్డ, అని, ఒక పిల్ల పేరు, వయసు తొమ్మిది.

మా నాయినకు ఒక అక్క ఉండెనని మాకు ఎవరు చెప్పలె. నాయిన అప్పటికి ఐదారేండ్ల పిలగాడు. ఆయనకు యాదున్నదో లేదో గూడ తెల్వదు. పేరు ఈరమ్మనో, నీరమ్మనో. మొదటి అచ్చరం సాఫ్ లేదు. ఎన్నిసార్లు పెద్దగ జేసి చూసినా తేలలె. పోయిన పెత్తరమాస నాడు అయ్యగారికి బియ్యమిచ్చినప్పుడు రెండు పేర్లు చెప్పి చదివిచ్చిన.

ఆ పటేల్ మునిమనుమడు ఇంకో మూట జాడ తీసిండు. ఆ రిజిస్టరుకు ముందటి సాళ్లవి, పిల్ల పుట్టిన సాలుది అండ్ల ఉండొచ్చు. ఆ ఇంటోళ్లు ఇప్పుడు హైదరాబాద్‌ల సైదాబాద్ కాడ ఉంటున్నరట. ఫోన్ జేస్తె రమ్మన్నరు. ఈ ఆదివారం పోతున్నం.